లోపలి కుర్చీ

ఆ ఆర్కెస్ట్రాలో ఆమెకు అందరూ మరుదులే. ట్రాంబోన్ ఊదే తాతగారికి ఆమె తండ్రి వయసుంటుంది. ఆయన కూడా "వదినగారూ, మంచినీళ్ళున్నాయా?" అనే అడుగుతాడు. భర్త బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఆయన మేస్టారు, మేస్టారి భార్య కాబట్టి ఆమె వదిన. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమె కూడా కాదనలేదు. కాదనడం ఆమెకు అలవాటున్న పని కాదు.

ఊళ్ళో పెద్ద సంగీతం వాయించే పెద్ద ఆర్కెస్ట్రా వేరే ఉంది. వాళ్ళకు మెత్తటి కుర్చీల హాలుంది, నల్లకోట్లున్నాయి, దగ్గొస్తే సిగ్గుతో చచ్చిపోయే శ్రోతలున్నారు. వీళ్ళకు అంత భోగం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు మున్సిపల్ హాల్లో వాల్ట్జ్ నాట్యపు పాటలు, కవాతు పాటలు, పాత నాటకాల్లోంచి తీసిన ముక్కలు, జనం ఈల వేసుకునే కొత్త పాటలు వాయిస్తారు. శాస్త్రీయం కూడా ఉంటుంది గానీ, కష్టమైన చోట్లు కత్తిరించి, తియ్యగా ఉన్నవి మాత్రం ఉంచిన శాస్త్రీయం. శ్రోతలు కాళ్ళతో తాళం వేస్తారు, తెలిసిన చోట కూనిరాగం అందుకుంటారు, తెలియని చోట సంచీలో చెయ్యి పెట్టి ఏదో వెతుక్కుంటారు. వాయించేవాళ్ళంతా పగలు వేరే పని చేసుకునేవాళ్ళే. రెండో వయొలిన్ల వరసకు పెద్ద దిక్కు ఒక పళ్ళ డాక్టరమ్మ. డ్రమ్ములు కొట్టేవాడు కింద బస్సులు బాగుచేస్తాడు.

కింద అంటే నిజంగానే కింద. వీళ్ళ రిహార్సళ్ళు బస్సు డిపో మీదున్న హాల్లో జరుగుతాయి. సాయంత్రపు బస్సులు బయల్దేరే వేళకు ఇంజన్లన్నీ ఒక్కసారి మొదలయి, నేల వణికి, స్టాండ్ల మీది స్వరాల కాగితాలు కూడా వణుకుతాయి. ఇక ఏం వాయించినా దండగే. డిపో నిండా కండక్టర్లు ఉండగా పైన కర్ర ఊపి వాయింపు నడిపే ఆయన్ని కూడా కండక్టరంటే గందరగోళమని అందరూ ఆయన్ని కర్రాయన అంటారు. ముఖం మీదే అంటారు. మంచివాడు, మంచి చేద్దామని అందరి ప్రాణం తీసే రకం మంచివాడు.

ఇప్పుడు కుర్చీల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే వదిన సంగతి తెలియదు.

వయొలిన్ వాళ్ళు ఇద్దరికొక స్టాండు చొప్పున కూర్చుంటారు. ఇద్దరూ ఒకే కాగితం చూసి వాయించాలి. జనం వైపున్న కుర్చీ పెద్దది అని లెక్క, లోపలి కుర్చీ చిన్నది. పేజీ చివరికి వచ్చేసరికి జనం వైపు మనిషి ఆపకుండా వాయిస్తూ పోతాడు, లోపలి మనిషి కమాను పైకెత్తి, వంగి, పేజీ తిప్పి, మళ్ళీ అందుకుంటుంది. పేజీ తిప్పినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. తిప్పకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. వదిన పెళ్ళికి ముందు నుంచీ మూడో స్టాండు లోపలి కుర్చీలోనే ఉంది. చేరిన కొత్తలో పక్కనున్న కుర్రాడికీ ఆమెకూ మధ్య నడిచిన సంభాషణంతా "తిప్పు", "తిప్పాను" అన్న రెండు మాటలే. ఆ రెండు మాటల మీదే పెళ్ళయిందని డాక్టరమ్మ ఏడిపిస్తూ ఉంటుంది.

అందువల్ల ఏమయిందంటే, వదినకు వచ్చిన ప్రతి పాటలోనూ చిల్లులున్నాయి. పేజీ అడుగున రెండు మూడు స్వరాలు, కొత్త పేజీ మొదట్లో ఒకటో రెండో, ఆమె ఎన్నడూ వాయించలేదు. జనమంతా ఈల వేసుకునే పాటలో కూడా వాళ్ళ నోటికి వచ్చిన చోటు ఆమె చేతికి రాదు. ఆ లోటు ఆమెకు ఎప్పుడూ లోటనిపించలేదు. ఎందుకంటే మామూలుగా వయొలిన్ మెడకింద పెట్టుకున్నాక తన చప్పుడు తప్ప పక్కవాళ్ళది విడిగా వినపడదు. తను ఆపిన ఆ కాస్తసేపే పక్కనుంచి మేస్టారి వాయింపు ఒక్కటీ వినిపించేది. కాస్త ముదురు గొంతు, తొందరలేని గొంతు. ఇంట్లో ఆయన మాట్లాడే తీరుకూ ఆ గొంతుకూ పోలికే లేదు. ఇంట్లో ఆయనకు ముక్కుమీద కోపం.

ఆ గొంతు ఒకనాడు వినపడలేదు.

గడిచిన చలికాలం మాట. రిహార్సల్లో వదిన పేజీ తిప్పడానికి వంగింది. పక్కన ఏమీ లేదు. చెవి దిబ్బడేసిందనుకుంది. తర్వాతి పేజీకి చెవి కాస్త అటు పెట్టి మరీ తిప్పింది. ఏమీ లేదు. ఓరకంట చూస్తే మేస్టారి కమాను ఎంతో ఠీవిగా అటూ ఇటూ నడుస్తోంది, తీగకు వెంట్రుకవాసి పైన. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. కొన్నాళ్ళుగా ఎడమచేత్తో టీ కప్పు చెవి పట్టుకోకుండా కప్పునే పట్టుకుని తాగుతున్నాడు, చలికి అనుకుంది. చలికి కాదన్నమాట.

ఆమె ఏమీ అనలేదు. మీరైతే అనేవారేమో, నేనైతే తప్పకుండా అనేవాణ్ని. ఆమె మాత్రం, ఇవాళ కాకపోతే రేపు ఆయనే చెబుతాడులే అనుకుంది. చెప్పలేదు. బడి మానేశాక ఆయన గడ్డం గీసుకునేది రిహార్సల్ రోజుల్లోనే. మిగతా రోజులు ఇంట్లో కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతూ, లేని లోపాలు వెతుకుతూ ఉంటాడు. ఆర్కెస్ట్రాలో కుర్చీ కూడా పోతే మనిషి ఏమవుతాడో ఆలోచించడానికే ఆమెకు భయమేసింది. అందుకని మూడో స్టాండులో ఇద్దరి వాయింపూ తనే వాయించడం మొదలుపెట్టింది.

గట్టిగా వాయించడం ఒక్కటే అయితే బతికిపోయేది. పేజీ తిప్పేటప్పుడు మూడో స్టాండు మొత్తం మూగబోతోంది కదా. కర్రాయన ఒకటి రెండుసార్లు తల ఎత్తి ఇటు చూశాడు కూడా. దాంతో వదిన ఇన్నేళ్ళ చిల్లులూ పూడ్చడానికి కూర్చుంది. ప్రతి పాటలోనూ పేజీ అడుగూ, పేజీ మొదలూ కంఠతా పట్టాలి. అక్కడ చూడకుండా వాయిస్తూ పోయి, ఎక్కడ ఊపిరి సందు దొరికితే అక్కడ చటుక్కున తిప్పాలి.

పగలంతా ఆమె పని ఆస్పత్రి బట్టల గదిలో. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతలు పెట్టి, వార్డువారీగా బీరువాల్లో సర్దాలి. రోజంతా నిలబడే ఉండాలి. తడి ఆరని వేడి దుప్పటి వాసన ఒంటికి పట్టి, ఇంటికొచ్చాక కూడా వదలదు. సాయంత్రం వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, వంటింటి తలుపు దగ్గరేసి వయొలిన్ తీసేది. కాళ్ళు పీకేవి. మెడ దగ్గర నల్లగా కమిలిపోయింది. కొన్నిసార్లు నిలబడే ఓపిక లేక పొయ్యి గట్టుకు ఆనుకుని వాయించేది. సంగీతమంటే ఆమెకు ఇష్టం. కానీ ఆ నెలల్లో ఆ ఇష్టమంతా హూనమైంది. పాట మొదలవుతుంటేనే, ఇందులో ఎన్ని పేజీలు ఉన్నాయిరా భగవంతుడా అనిపించేది.

ఇంత చేస్తుంటే మేస్టారు ఏమన్నాడో తెలుసా?

"ఏమిటా గట్టి వాయింపు? పక్కన మనిషున్నాడన్న ధ్యాస లేదా? నన్ను మింగేస్తున్నావు" అన్నాడు.

వదిన మూతి ముడుచుకుని కూర చట్టిలో గరిటె తిప్పింది. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైతే అది పొరపాటు కాదు.

పైఇంటావిడ ఒకరోజు మెట్ల దగ్గర ఆపింది. "ఈ మధ్య మీరే వాయిస్తున్నారు, మేస్టారిది వినపడట్లేదేం? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. ఆయనకి ఇంకా సాధన దేనికి, అన్నీ వచ్చినవేగా" అంది వదిన. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, మెట్లెక్కుతూ ఆమె తనకు తనే ఆశ్చర్యపోయింది.

చలికాలం పోయింది. ఎండలు వచ్చాయి. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుని రిహార్సల్‌కు వెళ్ళేవారు. ఒకరు వాయించడానికి, ఒకరు వాయిస్తున్నట్టు కనపడడానికి.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, కర్రాయన మంచితనం అడ్డొచ్చింది.

ఆ ఆదివారం కచేరీకి సాయంకాలపు పాట అని ఒక నెమ్మదైన ముక్క ఉంది. మధ్యలో రెండు వయొలిన్ వరసలు మాత్రమే వాయించే చోటొకటి వస్తుంది. పై వరస పాట, కింది వరస దానికి తోడు. మామూలుగా అయితే వయొలిన్ల వాళ్ళంతా సగం సగం పంచుకుంటారు, పై వరస జనం వైపు కుర్చీలకు, కింది వరస లోపలి కుర్చీలకు. శుక్రవారం సాయంత్రం ఆఖరి రిహార్సల్లో ఆ చోటికి వచ్చేసరికి కర్రాయన కర్ర దించి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఇక్కడ అందరూ వద్దు. ఇద్దరే చాలు. పక్కింటి కిటికీలోంచి వినపడినట్టుండాలి. మూడో స్టాండు! మేస్టారూ, వదినగారూ, మీరిద్దరే. ఎన్నేళ్ళ నుంచి వెనక కూర్చున్నారు! మొగుడూ పెళ్ళాలు కలిసి వాయిస్తే ఎలా ఉంటుందో జనం ఒకసారి వినాలి."

అందరూ కమానులతో స్టాండ్ల మీద టకటక కొట్టారు. వయొలిన్ వాళ్ళ చప్పట్లు అవే. తాతగారు ట్రాంబోన్‌తో ఒక వెకిలి కూత కూశాడు. గట్టిగా వాయిస్తే ఇద్దరి లెక్కా సరిపోవచ్చు గానీ, రెండు వరసలు ఒక్క వయొలిన్ మీద ఎలా వాయించాలి? వద్దండీ అందామని వదిన నోరు తెరిచింది. అప్పటికే పక్కనుంచి మేస్టారు లేచి నిలబడి, తల వంచి, "సంతోషం" అన్నాడు.

"ఒకసారి చూద్దామా?" అంది డాక్టరమ్మ.

కింద ఇంజన్లు మొదలయ్యాయి. కర్రాయన చెయ్యి ఊపాడు. "వీళ్ళిద్దరికీ రిహార్సల్ దేనికమ్మా! ఆదివారం విందాం."

బస్సులో మేస్టారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన ఆయన మెడ వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడైనా చెబుతాడు, ఇంకో స్టాపు దాటితే చెబుతాడు అనుకుంటూ ఉండగానే దిగే చోటు వచ్చేసింది. శనివారం పొద్దున కూడా చెప్పలేదు. వయొలిన్ బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచాడంటే, ఆస్పత్రిలో ఒంటిపూట పని ముగించుకుని ఆమె తిరిగొచ్చేసరికి కూడా తుడుస్తూనే ఉన్నాడు.

వదిన చెప్పుల జత విప్పి, చేతిసంచీ కింద పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి.

"రేపు ఎలాగండీ?"

"ఏం ఎలాగ?"

"పై వరస మీది, కింది వరస నాది. రెండూ నేను వాయించలేను కదా."

"రెండూ నిన్నెవరు వాయించమన్నారు?" అన్నాడు మేస్టారు, తలెత్తకుండా.

"చలికాలం నుంచీ వాయిస్తూనే ఉన్నాను."

గుడ్డ ఆగింది. పైఇంట్లో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎవరెవరికి తెలుసు?" అన్నాడు చివరికి.

"నాకు తెలుసు. పైఇంటావిడకి అనుమానం."

"అంటే నువ్వు... అందుకేనా అంత గట్టిగా...?"

"మరి సరదాకనుకున్నారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నాతో ఒక్క ముక్క చెప్పచ్చుగా!"

అప్పుడు వదినకు కోపం వచ్చింది. ఆమెకు కోపం రావడం ఆ ఇంట్లో అరుదైన సంగతి కాబట్టి, వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు. లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

"నేను చెప్పాలా? చెయ్యి నాదా, మీదా? ఇన్ని నెలల నుంచి పక్కన కూర్చుని గాలికి కమాను ఊపుతూ, పైగా నేను మింగేస్తున్నానని నన్నే తిట్టారు. దుప్పట్లు మడిచి మడిచి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి మీ వంతు కూడా నేర్చుకున్నాను. ఇంకో పేజీ కూడా నా వల్ల కాదండీ. అలిసిపోయాను. నిజంగా అలిసిపోయాను. రేపు వాయిస్తే మీది మీరే వాయించండి. లేదంటే కర్రాయనతో మీరే చెప్పండి. నేను చెప్పను, ఇక కప్పిపెట్టను కూడా."

ఇంత పొడుగు మాట ఆమె నోట మేస్టారు ఎన్నడూ విని ఎరగడు. తన ఎడమచెయ్యి బల్లమీద పెట్టాడు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు. ముడుచుకున్న రెండు వేళ్ళను కుడిచేత్తో లాగి చాపాడు. వదిలితే మళ్ళీ ముడుచుకున్నాయి.

"నొప్పా?" అంది వదిన. కోపం అప్పుడే సగం కరిగింది. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

"నొప్పి లేదు. మాట వినవు, అంతే." కాస్త ఆగి, "భయమేసింది" అన్నాడు. "ఈ మాట పైకంటే నిజమైపోతుందని."

తర్వాత ఆ పాట కాగితాలు తెమ్మని, కింది వరస చూశాడు. అందులో ఎక్కువగా సాగదీసే స్వరాలే ఉన్నాయి, పరుగులు లేవు. మిగిలిన రెండు వేళ్ళతో, ఖాళీ తీగల సాయంతో గట్టెక్కవచ్చేమో. వాయించి చూశాడు. నెలల తరబడి తీగను తాకని కమాను గీరుకుంది. రెండోసారి కాస్త నయం. మూడోసారికి ఆయన నుదుటిమీద చెమట పట్టింది.

"అయితే పై వరస నీది. జనం వైపు కుర్చీలో నువ్వే కూర్చోవాలి" అన్నాడు. ఉన్న ఇల్లు రాసిచ్చేస్తున్న వాడిలా అన్నాడు. వదినకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

కాగితాలన్నీ ఇస్త్రీ బల్లమీద వరసగా పరిచి, దాని ముందు ఇద్దరూ నిలబడి సాయంత్రం దాకా వాయించారు. బాగా వచ్చిందని చెప్పను. తప్పులు రాకుండా వచ్చింది. పైఇంటావిడ కుర్చీ చప్పుడు మళ్ళీ వినపడలేదు. కూర్చుని విందనుకుంటాను.

ఆదివారం మున్సిపల్ హాలు మామూలుగానే నిండింది. మేస్టారూ వదినా కుర్చీలు మార్చుకుని కూర్చోవడం చూసి కర్రాయన కళ్ళెగరేశాడు. అది కూడా మేస్టారి పెద్దమనసే అనుకున్నట్టున్నాడు, మురిసిపోయాడు. వదినకు జనం వైపు కుర్చీ ఏమీ నచ్చలేదు. ఇన్నేళ్ళూ మేస్టారి భుజం అడ్డం ఉండేది. ఇప్పుడు మొదటి వరస మనుషులు మోకాళ్ళతో సహా కనపడుతున్నారు. ఒకావిడ విసనకర్ర ఆడిస్తూ తిన్నగా తన చేతికేసే చూస్తోంది.

సాయంకాలపు పాట మొదలైంది. ఆ చోటు వచ్చింది. మిగతా వయొలిన్లన్నీ కిందికి దిగాయి. కర్రాయన కర్ర చివరతో, దూరం నుంచి ఎవరినో రమ్మన్నట్టు పిలిచాడు. వదిన అందుకుంది. నెలల తరబడి పొయ్యి గట్టు దగ్గర చేసిన చాకిరీ ఊరికే పోలేదు, పాట నిండుగా, నెమ్మదిగా బయటికి వచ్చింది. పక్కనుంచి కింది వరస వస్తోందో లేదో ఆమెకు తెలియదు. తన చప్పుడే తనకు వినిపిస్తోంది. మేస్టారి కమాను తీగ మీదే ఉందా అని చూడాలనిపించింది. చూడలేదు. ఆమె చేయగలిగినంత చేసింది, ఇక ఆయన పని ఆయనది.

పేజీ చివరికి వచ్చింది.

ఇస్త్రీ బల్ల మీద కాగితాలన్నీ పరిచి వాయించారు కదా, అక్కడ తిప్పే పని రాలేదు. ఇక్కడ లోపలి కుర్చీలో ఉన్నది మేస్టారు, తిప్పాల్సింది మేస్టారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బస్సులో వస్తూ అనుకున్నారు కూడా. కానీ తెలిసింది తలకి, చేతులకి కాదు. పేజీ అడుగు కనపడగానే వదిన కమాను తనంతట తనే పైకి లేచింది. ఆమె వంగి, ఎప్పటిలాగే, చక్కగా పేజీ తిప్పింది. ఇక మేస్టారు బతుకులో ఎన్నడూ పేజీ కోసం ఆగి ఎరగడు. వాయిస్తూ పోయాడు.

పాట పాడాల్సిన గొంతు ఆగిపోయి, తోడు మాత్రం మిగిలింది.

నిండు హాల్లో ఆ కింది వరస ఒక్కటే బయటపడింది. పొడుగాటి స్వరాలు, కొన్ని శ్రుతికి కాస్త దిగువన. మధ్యలో కమాను గరగరమంది, రెండు వేళ్ళూ తీగమీద చోటు వెతుక్కుంటున్న జారుడు కూడా తెలిసింది. కర్రాయన కర్ర గాలిలో నిలిచింది. వదిన పేజీ మీద చెయ్యి అలాగే ఉంచి వింది. పేజీ తిరిగిపోయింది, వెంటనే అందుకోవచ్చు. అందుకోలేదు. అది ఆమె ఎరిగిన పాత గొంతు కాదు. ఆ తొందరలేనితనం ఏమీ మిగల్లేదు, భయం భయంగా ఉంది. అయినా అది నిజంగా తీగమీద పుట్టిన చప్పుడు, ఆయనది. దానికోసం ఇన్నాళ్ళు ఎంత మొహంవాచిపోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ గొంతు ఇక తిరిగి రాదని కూడా అప్పుడే తెలిసింది. కళ్ళు మసకబారాయి. తర్వాతి పాదం మొదట్లో కమాను తీగమీద పెట్టి పాట అందుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళు అన్నిటికీ కొడతారు.

కచేరీ అయ్యాక వెనక నడవాలో అందరూ పెట్టెలు సర్దుకుంటూ వీళ్ళ చుట్టూ చేరారు. ఆ మధ్యలో ఆపడం భలే పట్టు అని డాక్టరమ్మ అంది. గుండె పిండేశారు మేస్టారూ అని డ్రమ్ముల అతను అన్నాడు. కర్రాయన మేస్టారి రెండు చేతులూ పట్టుకుని, "ఆ ఒంటి గొంతు! కావాలనే చేశారు కదూ? వచ్చేసారీ అలాగే ఉంచేద్దాం" అన్నాడు. విన్నవాళ్ళు విన్నారు. కొందరికి నిజంగా నచ్చిందేమో, కొందరికి జాలేమో, కొందరికి ఏమనాలో తెలియదేమో. మర్యాదస్తుల మధ్య ఆ తేడా పట్టుకోవడం కష్టం. మేస్టారు అందరికీ తలాడించి, పెట్టె తీసుకుని బయటికి నడిచాడు.

హాలు వెనకవైపు రాతి మెట్లున్నాయి. ఎండ ఇంకా అక్కడే ఉంది. రెండు మెట్లు దిగి ఆయన ఆగాడు.

"నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

వదినకు ఎన్నో మాటలు సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మెత్తటివే. పైఇంటావిడతో చెప్పినంత తేలిగ్గా ఇప్పుడూ ఒకటి చెప్పేయొచ్చు. చెబితే రేపటి నుంచి మళ్ళీ పొయ్యి గట్టు, మళ్ళీ పేజీ అడుగులు. పోనీ, అదేం పెద్ద కష్టం కాదు. కానీ ఆయన ఆమెకేసి చూస్తున్న చూపు మెత్తటి మాట అడగడం లేదు.

"బాగాలేదండీ" అంది.

మేస్టారు తలాడించాడు. ఏ బరువో కింద పెట్టేసిన వాడిలా భుజాలు కిందికి దిగాయి. "నాకూ అలాగే వినిపించింది" అన్నాడు. తన పెట్టె ఆమె చేతికిచ్చి, "ఇక్కడే ఉండు. ఆయనతో మాట్లాడి వస్తాను" అని వెనక్కి తిరిగాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఏ పెద్ద మాట మాట్లాడ్డానికి వెళ్ళినా వదిన పక్కన వెళ్ళేది. ఇంటి ఓనరు దగ్గరికైనా, బడి హెడ్‌మాస్టరు దగ్గరికైనా. కష్టమైన చోటికి వచ్చేసరికి ఆయన మాట తడబడుతుంది, నీళ్ళు నమలడం మొదలవుతుంది. అప్పుడు ఆమె మెల్లిగా ఆ మాట అందించేది. ఇప్పుడు కూడా కాళ్ళు ముందుకి వేయబోయి ఆగింది. ఉండమన్నాడు కదా. మెట్టుమీద కూర్చుంది. రెండు పెట్టెలు చెరోపక్కా పెట్టుకుంది. ఒళ్ళంతా ఒక్కసారి బరువెక్కింది. ఈ మెట్టుమీదే పడి నిద్రపోతే ఎవరేమనుకుంటారోనన్న ఆలోచన కూడా రానంత అలసట.

తలుపు సగం తెరిచే ఉంది. లోపల మేస్టారి గొంతు వినిపిస్తోంది. ముందు కచేరీ గురించి ఏదో అన్నాడు. కర్రాయన నవ్వాడు. తర్వాత మేస్టారు, "అది కాదండీ, చలికాలం నుంచీ నా ఎడమచెయ్యి..." అని ఆగిపోయాడు.

లోపలంతా నిశ్శబ్దం. ఆగిన చోట రావాల్సిన మాటేమిటో వదినకు తెలుసు. అది ఆమె నాలుక మీదే ఉంది. లేచి, తలుపు తోసి, ఒక్క మాట అందిస్తే చాలు.

వదిన రెండు కాళ్ళూ ముందుకి చాపుకుంది. కాసేపటికి లోపల మేస్టారు గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.